గాజుతొట్టి నీటి కలక: కోనసీమ నీటి వాడుక వెలుగులో ఒక వివరణ

వ్యాససంగ్రహం

చేపల గాజుతొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, రాళ్లు, ఇసుక, వడపోత యంత్రం అన్నీ కడిగి, కొత్త నీరు నింపిన ఒకటి రెండు రోజులకు ఆ నీరు పాలు కలిపినట్లు తెల్లబారుతుంది. శుభ్రత చాలలేదనే అనుమానంతో మళ్లీ నీరు మార్చడం, మళ్లీ కడగడం చాలామంది చేసే పని. దానివల్ల కలక పోకపోగా చేపలు చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. కలక ఒకటే కాదని, మట్టి కలక, తెల్ల కలక, పచ్చ కలక అనే మూడింటికీ కారణాలు, పరిష్కారాలు వేరని ఈ వ్యాసం వివరిస్తుంది. కాలువ నీటిని తేర్చుకొని తాగిన కోనసీమ గృహస్థుల అనుభవం, చెరువు నీటికి రంగు తెప్పించే ఆక్వా రైతుల పద్ధతి, 'తేరు', 'తేర్చు' అనే తెలుగు క్రియల అర్థభేదం ఈ వివరణకు ఆధారాలు.

కీలకపదాలు: కలక, తేట, తేరు, తేర్చు, ఇండుప గింజ, పటిక, జీవపొర, అమ్మోనియా, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, వైనతేయ చీల్చుకొని పారే లంకల సీమ కోనసీమ. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం జరిగింది. దాని ఫలితంగా ఈ ప్రాంతం గోదావరి మధ్య డెల్టాగా కాలువల కిందికి వచ్చింది. అప్పటినుంచి అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల జీవనం కాలువ కట్టడం, కాలువ వదలడం అనే రెండు మాటల చుట్టూ తిరిగింది. వేసవిలో మరమ్మతులకు, పూడిక తీతకు కాలువలు కట్టివేస్తారు. అంతకుముందే ఊరి మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి. తిరిగి కాలువ వదిలినప్పుడు వచ్చే మొదటి నీరు కలకగా ఉంటుంది. ఎగువన వానలు కురిసి గోదావరికి వరద వచ్చాక అది ఎర్రనీరవుతుంది. ఆ నీటిని బిందెల్లో, గోళేల్లో పట్టి, తేర్చి, వడగట్టి తాగిన తరాల అనుభవం ఇక్కడి వాడుక మాటల్లో నిలిచి ఉంది.

నేడు కుళాయిలు, శుద్ధినీటి డబ్బాలు వచ్చి ఆ అనుభవం దూరమైంది. అయితే ఇళ్లలోను, విద్యాసంస్థల్లోను గాజుతొట్లు పెరిగి, నీటి కలక మరో రూపంలో మన ముందుకు వచ్చింది. ఈ విషయంపై సమాచారం ఎక్కువగా ఆంగ్లంలో దొరుకుతుంది. ఆంగ్లం కలక నీటిని మేఘంతో పోల్చి, అన్ని రకాలనూ ఒకే మాటతో చెబుతుంది. దానిని 'మబ్బు నీరు' అని మార్చుకుంటే తెలుగు పాఠకునికి కారణమూ తెలియదు, చేయవలసిన పనీ తెలియదు. తెలుగులో ఈ విషయం చెప్పడానికి తగిన మాటలు ముందే ఉన్నాయి. వాటితోనే ఆరంభించడం ఉచితం.

2. తేరు, తేర్చు: రెండు క్రియలు, రెండు పనులు

కలకకు ప్రతిగా తెలుగులో ఉన్న మాట తేట. తేట అయ్యే క్రియను 'తేరు' అంటాం. దీని ప్రాచీన రూపం శకటరేఫతో 'తేఱు'. రథమనే అర్థంగల 'తేరు'తో దీనికి సంబంధం లేదు. నీటిలోని మడ్డి అడుగున దిగి పైనీరు నిర్మలం కావడం ఈ క్రియకు ఒక అర్థం. మూర్ఛ నుంచి, దుఃఖం నుంచి, నష్టం నుంచి మనిషి కోలుకోవడం మరో అర్థం. 'తేరుకొన్నాడు' అనే నేటి వాడుకలో రెండవ అర్థమే మిగిలింది. తమిళంలోని సజాతి క్రియకూ ఈ రెండర్థాలున్నాయి. నీటిని తేర్చే ఇండుప గింజను తమిళులు 'తేత్తాంకొట్టై' అనడం ఆ క్రియనుంచి వచ్చిన వ్యవహారమే.

'తేరు' అకర్మక క్రియ, 'తేర్చు' సకర్మక క్రియ. నీరు తనంత తాను తేరుతుంది, లేదా మనం దానిని తేర్చుతాం. సంస్కృతంలో ఈ భావానికి 'ప్రసాద', 'ప్రసన్న' శబ్దాలున్నాయి. నిర్మలమైన నీటికి చెప్పిన ప్రసన్నతే కావ్యానికి ప్రసాదగుణమైంది. నన్నయ తన కథాకథనానికి చెప్పుకొన్న ప్రసన్నతకూ మూలం ఇదే. అడుగు కనిపించే నీటివలె అర్థం కనిపించే రచన అని దాని భావం.

ఈ వ్యాసానికి కావలసింది తేరడానికీ తేర్చడానికీ మధ్య ఉన్న భేదం. ఏ కలకను మనం తేర్చాలి, ఏ కలకను తేరనివ్వాలి అనే వివేకం లేకపోవడమే గాజుతొట్టి యజమాని ఎదుర్కొనే ఇబ్బందికి మూలం.

3. మట్టి కలక: తేర్చదగినది

తొట్టి కడిగి నింపిన వెంటనే, గంటలోపే కనిపించే కలక సాధారణంగా మట్టి కలక. సరిగా కడగని ఇసుక, గులకరాళ్ల పొడి, కదిలించినందువల్ల పైకి లేచిన మడ్డి దీనికి కారణాలు. కాలువ వదిలిన తొలిరోజుల నీటి కలకకూ దీనికీ స్వభావంలో తేడా లేదు.

రేణువు ఎంత చిన్నదైతే అంత నెమ్మదిగా దిగుతుంది. ఇసుక రేణువు క్షణాల్లో అడుగు చేరుతుంది. మిల్లీమీటరులో 500వ వంతు ఉండే బంకమట్టి రేణువు నిశ్చలమైన నీటిలో ఒక అడుగు లోతు దిగడానికి దాదాపు ఒక పగలూ రాత్రీ పడుతుంది. రాత్రి పట్టిన నీటిని మరునాటి వరకు కదపకుండా ఉంచి, పైతేటను మాత్రమే వంచుకొనే ఇంటి అలవాటు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ఇంతకంటే సూక్ష్మమైన రేణువులు దిగనే దిగవు. వాటి ఉపరితలంపై ఉండే రుణావేశం వల్ల అవి ఒకదానినొకటి వికర్షించుకుంటూ నీటిలో తేలాడుతుంటాయి.

అక్కడే పటిక పని మొదలవుతుంది. పటికలోని అల్యూమినియం ధనావేశం ఆ వికర్షణను తగ్గిస్తుంది. రేణువులు గుమిగూడి, బరువెక్కి, దిగుతాయి. ఇండుప గింజను కుండ లోపలి గరుకు వైపు అరగదీసి నీరు పోసినప్పుడు గింజలోని సేంద్రియ పదార్థాలు ఇదే పని చేస్తాయి. కలక నీటిని ప్రసన్నం చేసే 7 సాధనాలను సుశ్రుత సంహిత సూత్రస్థానం పేర్కొన్నది. వాటిలో మొదటిది కతకం, అంటే ఇండుప. వస్త్రం కూడా ఆ జాబితాలో ఉంది. కతకం పేరు తలచినంతమాత్రాన నీరు తేరదని మనుస్మృతి ధర్మాచరణకు ఉపమానంగా చెప్పడాన్నిబట్టి ఈ గింజ వాడుక ఎంత సాధారణమో ఊహించవచ్చు.

గాజుతొట్టిలోని మట్టి కలకకు సన్నని స్పాంజి లేదా దూది పొర వడపోత చాలు. ఒకటి రెండు రోజుల్లో నీరు తేటపడుతుంది. చేపలున్న తొట్టిలో పటిక వేయరాదు. అది నీటి క్షారత్వాన్ని హరించి పీహెచ్‌ను ఒక్కసారిగా పడగొట్టగలదు. కుండలో తేర్చి తాగే నీరు వేరు, జీవి నివసించే నీరు వేరు.

4. తెల్ల కలక: తేరనివ్వవలసినది

నింపినప్పుడు తేటగానే ఉండి, ఒకటి నుంచి నాలుగు రోజుల్లో క్రమంగా పాలవలె తెల్లబారే నీటి కథ వేరు. ఇందులో మట్టి లేదు. ఆ తెలుపు కోట్లాది బ్యాక్టీరియాల సమూహం. ఎంత శ్రద్ధగా కడిగితే అంత ఎక్కువగా ఈ కలక రావడం మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. కారణం తెలిస్తే అది సహజమని అర్థమవుతుంది.

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిన మేత, మలం కుళ్లడం వల్ల కూడా అది పుడుతుంది. అమ్మోనియా చేపలకు విషం. పాత తొట్టిలో రెండు రకాల సూక్ష్మజీవులు దీనిని అదుపులో ఉంచుతాయి. మొదటివి అమ్మోనియాను నైట్రైట్‌గా, రెండవవి నైట్రైట్‌ను దానికంటే చాలా తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తాయి. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఇటువంటి సూక్ష్మజీవులను వేరుచేసి చూపాడు. ఇవి ప్రధానంగా నీటిలో ఉండవు. రాళ్లపైన, ఇసుకపైన, అన్నిటికంటే ఎక్కువగా వడపోత స్పాంజిలో, జిగురైన సన్నని పొరగా అతుక్కొని ఉంటాయి. చేతికి జారుడుగా తగిలే ఆ పొరనే ఇక్కడ జీవపొర అంటున్నాను. మనం మురికి అనుకొని కుళాయి కింద రుద్ది కడిగేది దానినే. కుళాయి నీటిలోని క్లోరిన్ మిగిలిన కొద్ది భాగాన్నీ చంపుతుంది.

పొర పోయిన తొట్టిలో రెండు సంగతులు జరుగుతాయి. కడిగే క్రమంలో లేచిన సేంద్రియ పదార్థం, చేపల విసర్జన వినియోగించేవారు లేక నీటిలో మిగులుతాయి. వాటిని తిని బతికే మరో జాతి బ్యాక్టీరియాలు గంటల వ్యవధిలోనే రెట్టింపవుతూ నీటిని తెల్లబరుస్తాయి. అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు అలా పెరగలేవు. అవి రెట్టింపు కావడానికి అనుకూల పరిస్థితుల్లోనూ దాదాపు ఒక రోజు, తరచు అంతకంటే ఎక్కువ పడుతుంది. జీవపొర పూర్తిగా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు కావాలి. వేగంగా పెరిగేవాటికీ నిదానంగా పెరిగేవాటికీ మధ్య ఉన్న ఈ అంతరంలోనే చేప ప్రాణం చిక్కుకుంటుంది.

దీనిని మన వంటింటి మాటలో చెప్పవచ్చు. పాలు పెరుగు కావాలంటే తోడు కావాలి. నిన్నటి పెరుగు చెంచాడు మిగల్చకుండా గిన్నెలన్నీ తోమేసిన ఇంట్లో రేపటికి పెరుగు ఉండదు. పూర్తిగా కడిగిన గాజుతొట్టి అటువంటి ఇల్లు. పక్కింటి నుంచి తోడు తెచ్చుకొన్నట్లు, ఆరోగ్యంగా ఉన్న మరో తొట్టినుంచి వాడిన స్పాంజి ముక్కను తెచ్చి మన వడపోతలో ఉంచడం ఈ స్థితిలో అన్నిటికంటే మంచి ఉపాయం.

మంచినీటి సరఫరాలోనూ దీనికి నిదర్శనం ఉంది. 1829లో లండన్ చెల్సీలో జేమ్స్ సింప్సన్ నెలకొల్పిన నెమ్మది ఇసుక వడపోత విధానం మన గ్రామీణ రక్షిత మంచినీటి పథకాల్లోనూ వాడుకలోకి వచ్చింది. అందులో నీటిని శుద్ధి చేసేది ఇసుక ఒక్కటే కాదు, ఇసుక పైభాగంలో ఏర్పడే జీవపొర కూడా. పైపొరను గీరి శుభ్రం చేసిన తరువాత వడపోత మళ్లీ పండే వరకు ఆ నీటిని సరఫరాకు వదలకూడదన్నది నియమం. శుభ్రం చేసిన వెంటనే వడపోత బలహీనంగా ఉంటుందని ఆ వృత్తిలోనివారికి తెలుసు.

5. పచ్చ కలక: చెరువు గట్టు పాఠం

మూడవది పచ్చ కలక. ఎండ తగిలే చోట ఉంచిన తొట్టిలో, నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకొన్నప్పుడు సూక్ష్మమైన నాచు నీరంతా వ్యాపిస్తుంది. ఇది కడిగిన మరునాడే రాదు, వారాలు గడిచాక వస్తుంది. ఎండ తప్పించడం, దీపం వెలిగే గంటలు తగ్గించడం, మేత తగ్గించడం దీనికి మార్గాలు.

కోనసీమలో ఈ పచ్చదనాన్ని కావాలని తెప్పించేవారున్నారు. రొయ్యల రైతు పంట తీసిన చెరువును ఎండగట్టి, సున్నం చల్లి, నీరు పెట్టి, బ్లీచింగ్ వాడితే దాని ఘాటు పోయేవరకు ఆగి, ఆపైన నీటికి 'కలర్' తెప్పిస్తాడు. రంగు రాని చెరువులో పిల్ల వదలడు. అడుగు కనిపించే తేటనీరు అతనికి మంచి నీరు కాదు, ఇంకా సిద్ధం కాని నీరు. నలుపు తెలుపు పళ్లెం 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే రంగు సరిపోయిందని లెక్క.

చెరువు, గాజుతొట్టి ఒకటి కావు. గాజుతొట్టిలో మనకు తేటనీరే కావాలి. అయినా రైతు నుంచి గ్రహించవలసిన సూత్రం ఒకటి ఉంది. శుభ్రం చేయడం సగం పని మాత్రమే. శుభ్రం చేసిన నీటిని జీవానికి సిద్ధం చేయడం మిగిలిన సగం. చెరువులో ఈ రెండింటి మధ్య వ్యవధి ఉంటుంది. గాజుతొట్టిని కడిగినవారు ఆ వ్యవధి ఇవ్వకుండా గంటలోనే చేపలను వదులుతారు.

6. ఏ కలకో గుర్తించడం

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఈ సామెతనే పరీక్షగా వాడుకోవచ్చు. తెల్లని గాజుగ్లాసులో తొట్టి నీటిని తీసుకొని, ఒక పగలూ రాత్రీ కదపకుండా ఉంచాలి. అడుగున మడ్డి దిగి పైన తేరితే అది మట్టి కలక. మడ్డి లేకుండా తెల్లదనం అలాగే నిలిస్తే బ్యాక్టీరియా కలక. తెల్లకాగితం ముందు పట్టినప్పుడు పచ్చ ఛాయ కనిపిస్తే నాచు. కలక ఎప్పుడు మొదలైందన్నది రెండవ ఆనవాలు. నింపిన గంటలో వస్తే మట్టి, కొన్ని రోజుల్లో వస్తే బ్యాక్టీరియా, వారాల్లో వస్తే నాచు అని సాధారణంగా భావించవచ్చు.

నీటి రంగుకంటే ముఖ్యంగా చూడవలసింది చేప ప్రవర్తన. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తూ గాలికి ఆరాటపడితే ప్రాణవాయువు తగ్గిందని, లేదా అమ్మోనియా, నైట్రైట్ పెరిగాయని గ్రహించాలి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీరు దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. తీరప్రాంతపు వేడిలో అసలే తక్కువగా ఉన్న ఆ వాయువును తెల్ల కలకలోని బ్యాక్టీరియాలు కూడా పంచుకుంటాయి. అమ్మోనియాలో అధిక విషం కలిగిన స్వేచ్ఛారూపం 30 డిగ్రీల వద్ద, పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తంలో సుమారు 0.8 శాతం. పీహెచ్ 8 అయితే అది 7.5 శాతానికి చేరుతుంది. అందువల్ల క్షారగుణం ఎక్కువగా ఉన్న బోరు నీరు వాడే ఇళ్లలో ఈ ప్రమాదం తీవ్రంగా ఉంటుంది. అమ్మోనియా పరీక్ష కిట్లు అలంకార చేపల దుకాణాల్లో దొరుకుతాయి. ఆక్వా రైతుల కోసం ఉన్న నీటి పరీక్షా ల్యాబుల్లోనూ ఈ పరీక్ష చేయించవచ్చు.

7. తెల్ల కలక వచ్చినప్పుడు చేయవలసినవి

మొదటిది, మేత ఆపడం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు మేత లేకుండా ఉండగలవు. ఆ తరువాత కూడా రెండు నిమిషాల్లో తినగలిగినంత మాత్రమే వేయాలి. మేత తగ్గితే కలకకూ, అమ్మోనియాకూ ఆధారం తగ్గుతుంది.

రెండవది, గాలి పెంచడం. గాలి పంపును రాత్రింబవళ్లు నడపాలి. కరెంటు పోయే వేళల్లో చెంబుతో నీరు ముంచి ఎత్తునుంచి పోసినా కొంత మేలు. వడపోత యంత్రాన్ని ఆపకూడదు, ఈ రోజుల్లో దానిని కడగకూడదు.

మూడవది, కొద్దికొద్దిగా నీరు మార్చడం. పరీక్షలో అమ్మోనియా కనిపించినా, చేపలు ఆరాటపడుతున్నా, రోజుకు 10 నుంచి 20 శాతం నీటిని మార్చాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో రాళ్లు, పైఖాళీ పోను సుమారు 45 లీటర్లు ఉంటాయి. అందులో 20 శాతమంటే 9 లీటర్లు, ఒక బకెట్టుకు మించదు. కొత్త నీరు కుళాయిదైతే క్లోరిన్‌ను తొలగించే సోడియం థయోసల్ఫేట్ మందు వాడాలి, లేదా వెడల్పాటి పాత్రలో ఒకరోజు గాలి తగిలేలా ఉంచాలి. దాని వేడి తొట్టి నీటి వేడికి దగ్గరగా ఉండాలి.

నాలుగవది, చేయకూడనివి చేయకపోవడం. మొత్తం నీరు మార్చడం, రాళ్లు మళ్లీ కడగడం, బ్లీచింగ్, పటిక, సబ్బు వాడడం కలకను మొదటికి తెస్తాయి. జీవపొర పెరగడం మొదలైన ప్రతిసారీ దానిని తుడిచివేసినట్లవుతుంది.

ఈ క్రమం పాటిస్తే తెల్ల కలక సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లోపు తనంత తానే తేరుతుంది. నీరు తేరినంతమాత్రాన అమ్మోనియా ప్రమాదం తీరినట్లు కాదు. జీవపొర నిలిచే వరకు, అంటే నెలకు పైగా, మితమైన మేత, తరచు పరీక్ష కొనసాగాలి.

8. కడగడంలో నిదానం

ఈ స్థితి రాకుండా చూసుకోవడం సులభం. గాజు పలకలను, రాళ్లను, వడపోతను ఒకే రోజు కడగకూడదు. ఒక వారం గాజు, రెండు వారాలు ఆగి ఇసుకలో సగం, మరికొంత వ్యవధి తరువాత మిగిలిన సగం అని విభజించుకోవాలి. స్పాంజిని కుళాయి కింద కాక, తొట్టినుంచి తీసిన నీటిలోనే రెండు మూడుసార్లు పిండి తిరిగి అమర్చాలి. అది కొత్తదానివలె తెల్లగా కానవసరం లేదు. నీరు దాని గుండా పారితే చాలు.

'కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకుపోయినట్లు' అనే సామెతను సాహిత్య విమర్శలో తరచు వింటాం. గోదావరికి అది నిజం. నదిలో నీరు మారినా ఒడ్డు, ఇసుక, మేట, వాటిని అంటిపెట్టుకొన్న జీవం చాలావరకు నిలిచే ఉంటాయి. గాజుతొట్టిలో నీటితోపాటు ఒడ్డునూ ఇసుకనూ మార్చివేస్తాం. కాబట్టి ఇక్కడ కాపాడుకోవలసినది పాతనీరు కాదు, పాతనీరు ఇన్నాళ్లు ఆనుకొని ఉన్న చోటు.

9. ముగింపు

మట్టి కలకను తేర్చాలి, తెల్ల కలకను తేరనివ్వాలి, పచ్చ కలకకు కారణమైన వెలుగునూ ఎరువునూ తగ్గించాలి. మూడింటికీ ఒకే మందు వేయడం వల్లనే నష్టం జరుగుతోంది. తెల్ల కలక మురికికి గుర్తు కాదు, పోగొట్టుకొన్న జీవపొరను తొట్టి తిరిగి సమకూర్చుకొనే దశకు గుర్తు. నీటికీ మనిషికీ ఒకే క్రియను వాడిన భాష మనది. ఆ క్రియకు కోలుకోవడమనే అర్థాన్ని గుర్తుంచుకొంటే, ఆ కొద్ది రోజులు బకెట్టు పక్కన పెట్టి, గాలి పంపు నడుపుతూ, మేత తగ్గించి ఆగడం సులభమవుతుంది.

శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పేటప్పుడు పదాలు లేవని చింతించేముందు, కాలువ గట్టున, చెరువు గట్టున, వంటింట్లో బతికి ఉన్న మాటలను వెదకడం అవసరం. తోడు, మడ్డి, తేట, నిలకడ, రంగు వంటి మాటలు ఇక్కడ అలంకారాలుగా రాలేదు, విషయాన్ని విడదీసి చూపే పని చేశాయి. నీటికి సంబంధించిన ఇటువంటి వృత్తి పదాలను ఊరూరా సేకరించి, అర్థభేదాలతో నమోదు చేయడం మాండలిక పరిశోధకులు చేపట్టదగిన పని. కాలువ నీటిని తేర్చుకొని తాగిన తరం ఇంకా మన మధ్య ఉన్నందున అది ఆలస్యం చేయరాని పని కూడా.